మా నాయన గుర్రం పరిగెత్తిన బొమ్మ

మా నాయన గుర్రం సినిమాలో చచ్చిపోయింది. ఈ మాట చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు. సినిమాలో చావంటే ఉత్తుత్తిదే కదా అంటారు. సినిమా ఉత్తుత్తిదే. గుర్రం మాత్రం నిజంగానే చచ్చింది. నేను ముసలిదాన్నయ్యాను, ఆ కోపానికి మాత్రం ముసలితనం రాలేదు.

ఈ మధ్య ఒక పత్రికలో ఎవరో పాత సినిమాల మీద వ్యాసం రాశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో బెంగళూరు నుంచి ఒక బందిపోట్ల బొమ్మ వచ్చిందట. దొరల కౌబాయ్ బొమ్మలకు ఏమాత్రం తీసిపోదట. దాని రీళ్ళు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదట, అది మనందరి దురదృష్టమట. చదువుతూనే నాకు ఒళ్ళు మండిపోయింది. రీళ్ళు పోయినందుకు ఇంత ఏడుపా! అందులో ఒక జీవం పోయిందని వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అందుకే నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

మా ఇల్లు బెంగళూరు చిక్కపేట వెనక సందులో ఉండేది. మా తాత నాడే అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. నాయన జట్కా తోలేవాడు. ఇంటి పక్కనే రేకుల కొట్టం, అందులో మా ఆడగుర్రం. ఎర్రటిది, నుదుటి మీద తెల్లని చార. రేసుల కోసం ఎక్కడి నుంచో తెప్పించి, పనికి రాదని తీసేస్తే నాయన కొన్నాడు. నన్నూ దాన్నీ ఇద్దరినీ అమ్మణ్ణీ అనే పిలిచేవాడు. పిలిస్తే ఇద్దరం తలతిప్పి చూసేవాళ్ళం. నాకు అప్పుడు పద్నాలుగో పదిహేనో ఉంటాయి. బడి మాన్పించేశారు కాబట్టి దానికి ఉలవలు ఉడకబెట్టడం, ఒళ్ళు రుద్దడం నా పని. ఇంట్లో అన్ని పనుల్లోకీ నాకు అదొక్కటే ఇష్టం.

రేసు గుర్రాన్ని తెచ్చి జట్కాకు కడితే అది పరుగు మరిచిపోవాలి. చిక్కపేట సందుల్లో ఎక్కడ పరిగెడుతుంది? ముందు తోపుడుబండి, వెనక బట్టల మూటలు మోసే హమాలీలు, పక్కన ఇంకో జట్కా. బెదిరిపోకుండా కళ్ళకు అటూ ఇటూ తోలు గంతలు. పాపం, దానికి బెంగళూరంటే ముందున్న బండి వెనక భాగమే. నాయనకు అది గుచ్చుకునేది. రాత్రి అన్నం తింటూ, "ఒక్కతూరి బండి లేకుండా అది ఇష్టమొచ్చినట్టు పరిగెత్తుతాంటే చూడాలప్పా" అనేవాడు. ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. మా అమ్మ, "చూద్దువులే, ముందు తిను" అనేది.

ఆ కోరికే మా కొంప ముంచింది.

మా సందు చివర పెద్ద బట్టల కొట్టు ఉండేది. దాని సావుకారుకు ఇంగ్లీషు బొమ్మల పిచ్చి. దండులో, అదే కంటోన్మెంటులో, సోల్జర్ల కోసం ఆడే బొమ్మలకు నాయన జట్కాలోనే పోయేవాడు. ఒకసారి బందిపోట్ల బొమ్మ ఒకటి వచ్చింది. అన్నదమ్ములు, గుర్రాలు, టోపీలు, రైలు దోపిడీ. సావుకారు దాన్ని చూసిందే చూశాడు. ఆయన లోపల చూస్తుంటే నాయన బయట గుర్రానికి గడ్డి వేసుకుంటూ కూర్చునేవాడు. చివరికి ఒకరోజు సావుకారు నాయనక్కూడా బెంచీ టిక్కెట్టు కొని లోపలికి తీసుకుపోయాడు. మన ఊళ్ళో ఇట్లాంటి బొమ్మ తెలుగులో తీస్తానని, అందులో పెద్ద బందిపోటు ఎక్కేది నీ గుర్రమేనని చెప్పాడు.

నాయన ఆ రాత్రి ఇంటికొచ్చి మాకు కథంతా చెప్పాడు. అంత హుషారుగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.

"దొంగలే గానీ చెడ్డోళ్ళు కాదు. వాళ్ళ భూమి ఎవురో లాక్కునిండారంట."

మా అమ్మ రొట్టె కాలుస్తూ, "మీ నాయన భూమి కూడా లాక్కున్నారు గదా. ఆయప్ప రైళ్ళు దోచలేదే, జట్కా కట్టుకున్నాడు" అంది.

"నువ్వు ఉండు. ఒక గుర్రం దబ్బుమని పడింది. అయ్యో అనుకున్నా. మళ్ళా చూస్తే లేచి పరిగెత్తుతా ఉండాది. ఏం నేర్పినారప్పా దొరలు!"

"మన దానికి ఎవురు నేర్పినారు?"

"మన దానికి పడే పనే లేదు. పరిగెత్తేదే. సావుకారు చెప్పినాడు."

నాకు అది నచ్చలేదు. "వద్దు నాయనా, దానికి జనమంటే భయం" అన్నాను. "సుమ్మనుండు అమ్మణ్ణీ" అన్నాడు. నోరు మూసుకుని సుమ్మనుండడం నాకు పుట్టుకతో రాలేదు. అయినా ఆడపిల్ల మాట ఎవరు విన్నారు గనక.

మా అమ్మ మాత్రం అంత తేలికగా ఒప్పుకునే మనిషి కాదు. ఆమెను ఒప్పించింది పూజ. మాలాంటి ఇళ్ళలో ఆయుధపూజ నాడు బండి చక్రాలకు, చెర్నాకోలకు, గుర్రానికి బొట్టుపెట్టి హారతి ఇస్తాం. ఆ రోజు గుర్రాన్ని బండికి కట్టం. చెర్నాకోల ముట్టుకోం. పూజ అందుకున్నదాని ఒంటి మీద దెబ్బ పడకూడదు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, ఊపిరి పీల్చుకోవడం ఎవరైనా నేర్పుతారా? సావుకారు బొమ్మ మొదలుపెట్టే రోజు కొట్టు ముందర పందిరి వేయించాడు. కెమెరాకు పూజ చేశారు, తర్వాత మా గుర్రానికి చేశారు. అయ్యవారు దాని నుదుటి చార మీద కుంకుమ పెట్టాడు. సావుకారు తన చేత్తో సంపెంగల దండ వేసి, దాని కాళ్ళు మొక్కాడు. గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టారు. మా అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చి, "పూజ చేసిన చేత్తో ఎవురైనా చెరుపు చేస్తారా? ఇంక భయం లేదు, తోలుకొని పో" అంది.

మేకకు కూడా దండవేసే బలికి తీసుకుపోతారు. మా పక్క సందులో ఏటా చూసేదే. అది మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

మైసూరు దారిలో, ఊరు దాటి చాలా దూరం పోయాక, పెద్ద పెద్ద బండల గుట్టలున్నాయి. అక్కడ డేరాలు వేశారు. ఉలవలు ఉడకబెట్టడానికి నేనూ వెంట పోయాను. ఆ బందిపోట్లను చూస్తే నాకు నవ్వాగలేదు. యుద్ధం అయిపోయి సోల్జర్లు వదిలేసిన టోపీలు, బూట్లు సంతలో కొనుక్కొచ్చి అందరికీ తొడిగారు. ఒకడి టోపీ చెవుల దాకా దిగిపోయింది. ఇంకొకడు బూట్లు కరుస్తున్నాయని కుంటుతూనే దోపిడీ చేశాడు. హీరోకు గుర్రం దగ్గరికి రావాలంటేనే భయం. అతని బదులు స్వారీ చేయడానికి పేటలో కుస్తీలు నేర్పే గరిడీ నుంచి ఒక పహిల్వానును తెచ్చుకున్నారు. మంచి మనిషే. తన వంతు రొట్టెలో సగం గుర్రానికి పెట్టేవాడు.

నాయనకు అక్కడ పండగే. వచ్చిన రోజే గుర్రం కళ్ళ గంతలు తీసేశారు, బందిపోటు గుర్రానికి గంతలేంటని. అది తల అటూ ఇటూ తిప్పి బండలను, ఆకాశాన్ని చూసింది. నాయన నన్ను పిలిచి, "చూడు, ఎట్లా చూస్తాందో" అన్నాడు. నాకు కూడా సంతోషమేసింది. వద్దన్నదాన్ని నేనే కదా అని కాస్త సిగ్గుపడ్డాను కూడా. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు ఇంకా కోపం.

నాలుగైదు రోజులకు ఒక పొద్దున డైరెక్టరు నాయనను పిలిచి, పరుగు తీసే సీను ఇదేనని చెప్పాడు. గుర్రం తిన్నగా పరిగెత్తాలి, పక్కకు పోకూడదు. కాబట్టి నువ్వు కెమెరా వెనక, ఆ బండ దగ్గర నిలబడి పిలువు, నీ గొంతు వింటే నీ వైపుకే వస్తుంది అన్నాడు. నాయన పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తాడు. తను కోరుకున్నది చూడబోతున్నాడు కదా.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఇద్దరు మనుషులు గుర్రం ముందు కాళ్ళ దగ్గర కూర్చుని తోలుపట్టీలు కడుతున్నారు. ఏమిటవి అని అడిగాను. "బలానికి పాపా, కాళ్ళు బెణక్కుండా" అన్నాడు ఒకడు. వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎంత మర్యాదగా చెప్పాడో. ఇంకొకచోట కొందరు కూలీలు తట్టలతో ఇసుక తెచ్చి మెత్తగా కుప్ప పోస్తున్నారు. దేనికో నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పహిల్వాను పడడానికి. మనిషికి ఇసుక పోశారు. గుర్రానికి పోయలేదు.

పట్టీలకు తీగ కట్టి ఉందని కూడా తర్వాతే తెలిసింది. మిలిటరీవాళ్ళు వదిలేసి పోయిన సన్న ఇనుపతీగ. మట్టి కప్పి, దాని రెండో కొసను భూమిలో దిగ్గొట్టిన గూటానికి కట్టారు. తీగ ఉన్నంత దూరం పరుగు. అయిపోతే ముందు కాళ్ళు రెండూ ఒక్కసారి వెనక్కి.

"అమ్మణ్ణీ!" అని నాయన కేక పెట్టాడు. నేను కూడా తలతిప్పాను.

అది పరిగెత్తింది. దేవుడి మీద ఒట్టు, అంత అందమైనదాన్ని నేను మళ్ళీ చూడలేదు. మెడ చాచి, జూలు ఎగురుతుంటే, దాని మీద పహిల్వాను ఉన్నాడన్న సంగతే మరిచిపోయాను. అది సినిమాలో పరిగెత్తలేదు, మా నాయన దగ్గరికి పరిగెత్తింది. నాయన రెండు చేతులూ చాచి నిలబడి నవ్వుతున్నాడు. తీగ అయిపోయింది.

ఆ చప్పుడు నేను రాయను.

పహిల్వాను ఇసుకలోంచి లేచి, గుర్రాన్ని చూసి, డైరెక్టరు మీదికి పోయాడు. నలుగురు పట్టుకున్నారు. అతనికీ ముందు పూర్తిగా చెప్పలేదు, గుర్రం ఆగుతుంది నువ్వు దూకెయ్యి అని మాత్రమే చెప్పారు. డైరెక్టరు అన్నిటికీ ఒకటే మాట, "ఇంగ్లీషు బొమ్మల్లో ఇట్లే తీస్తారు." అదేదో శాస్త్రంలో రాసి ఉన్నట్టు! దొరల బొమ్మలో పడిన గుర్రం, లేచి పరిగెత్తిన గుర్రం ఒకటేనని నాయనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఒకటి పడింది, వేరొకటి పరిగెత్తింది. రెండు ముక్కలు అతికించారు. ఈ రహస్యం డైరెక్టరుకు తెలుసు, కెమెరా అతనికి తెలుసు, సావుకారుకూ తెలుసు. తెలియంది మాకే.

ముందు కాళ్ళు రెండూ విరిగాయి. అది లేవాలని చూసి, లేవలేక పడి, మళ్ళీ చూసి పడింది. నాయన దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాల్చి ఆ బాధ తప్పించండయ్యా అని బతిమాలాడు. అక్కడ ఎన్ని తుపాకులు! ప్రతివాడి నడుముకూ ఒకటి. ఒక్కదాంట్లోనూ గుండు లేదు, అన్నీ కొయ్యవి. చుట్టుపక్కల ఊళ్ళో అడవిపందులను కొట్టేవాడు ఒకడున్నాడని మనిషిని పంపారు. వాడు వచ్చేదాకా ఊరికే ఉన్నారా? ఎండ బాగుందని కెమెరాను గుట్ట అవతలికి మోసుకుపోయి పాట తీశారు. ఇటు గుర్రం మూలుగు, అటు హార్మోనియం. నేను ఉలవల కుండ ఎత్తి ఆ పాట వైపు విసిరాను. అది దారిలోనే బండకు తగిలి పగిలింది. ఎవరూ తిరిగి కూడా చూడలేదు.

సాయంత్రం ఆ వేటగాడు వచ్చాడు. నాయన గుర్రం తలను ఒళ్ళోంచి దించలేదు. వాడే బతిమాలి ఆయన్ను పక్కకు జరిపాడు.

మా అమ్మ మర్నాడు కొట్టు ముందుకు పోయి నిలబడింది. "దండేసి చంపినావు గదరా! కాళ్ళు మొక్కి, ఆ కాళ్ళే ఇరగ్గొట్టినావు గదరా!" అని వీధంతా వినేట్టు తిట్టింది. సావుకారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవకుండానే, "చావు యాడ వచ్చిందమ్మా దానికి? బొమ్మలో ఉంటాది, ఎప్పటికీ ఉంటాది" అన్నాడు. ఎంతో కొంత ఇచ్చి పంపించాడు కూడా. ఎంతిచ్చాడో రాయను. రాస్తే అదే దాని ఖరీదు అనుకుంటారు.

నాయన మళ్ళీ గుర్రం కొనలేదు. కొనమని అమ్మ అడగనూ లేదు. చిక్కపేటలో చేతిబండి లాగడానికి కుదిరాడు. అదే సందులు, అవే బట్టల మూటలు. ముందు గుర్రం లాగేది, ఇప్పుడు ఆయన.

కొన్ని నెలలకు బొమ్మ తయారైంది. ఊళ్ళో దాన్ని చాటింది ఎవరనుకున్నారు? జట్కాలవాళ్ళే. అప్పట్లో కొత్త బొమ్మ వస్తే జట్కాకు రెండు పక్కలా రంగుల బోర్డులు కట్టి, లోపల డప్పు కొడుతూ, కాగితాలు పంచుతూ పేటంతా తిప్పేవాళ్ళు. మా నాయన స్టాండులోని బళ్ళే కుదుర్చుకున్నారు. బోర్డు మీద ఏం గీశారో తెలుసా? తలకిందులుగా పడుతున్న ఎర్ర గుర్రం. దాన్ని బతికున్న గుర్రం లాక్కుంటూ మా ఇంటి ముందు నుంచి పోయింది. తోలేవాడు నాయనతో పాతికేళ్ళు కలిసి తిరిగినవాడే. నన్ను చూసి తలదించుకున్నాడు. తలదించుకుంటే సరిపోతుందా! నేను వాకిట్లోకి పోయి ఆ కాగితాలు దొరికినన్ని లాక్కుని పొయ్యిలో పెట్టాను.

బొమ్మ బ్రహ్మాండంగా ఆడింది. గుర్రం పడే చోటు కోసం మళ్ళీ మళ్ళీ పోతున్నారని పేటంతా చెప్పుకున్నారు. ఒకరోజు నాయన చొక్కా వేసుకుని, "నేను చూసొస్తా" అన్నాడు.

అమ్మకు పట్టరాని కోపం వచ్చింది. "చంపినోళ్ళ చేతిలో టిక్కెట్టు డబ్బులు కూడా పెడతావా? నీకేమన్నా మతి ఉండాదా?" అంది. నాయన వాకిలి దాటాడు. ఆయన్ను ఒంటరిగా వదలడం ఇష్టంలేక అమ్మ నన్ను వెనక పంపింది. నేను దారి పొడుగునా గొణుగుతూనే పోయాను. నేల టిక్కెట్టులో చోటు దొరికింది, తెరకు దగ్గరగా. చుట్టూ బీడీ పొగ. కథ ఏమిటో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. టోపీలు వచ్చినప్పుడల్లా జనం ఈలలు వేశారు.

ఆ చోటు వచ్చింది. బండల మధ్య నుంచి మా గుర్రం. నాయన గొంతు అందులో లేదు, దాని బదులు తుపాకుల మోత, డోళ్ళు పెట్టారు. అది ఎవరి దగ్గరికి పరిగెడుతోందో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. పడింది. హాలు హాలంతా లేచి నిలబడి కేకలు. ఈలలు. తెర మీదికి చిల్లర విసిరారు. ఎవడో, "వన్స్ మోర్!" అన్నాడు. అంతే, అందరూ అందుకున్నారు.

వన్స్ మోర్ అంటే పాటలకు అడిగేవాళ్ళు. జనం బెంచీలు విరగ్గొడతారన్న భయంతో ఆపరేటరు మిషను ఆపి, రీలు వెనక్కి చుట్టి, ఆ ముక్క మళ్ళీ వేసేవాడు. ఇప్పుడు దీనికి అడిగారు. తెర ఆగిపోయింది. లైట్లు వెలిగాయి. వీళ్ళందరూ మా వీధుల్లోని మనుషులే, మా నాయన జట్కా ఎక్కి పెళ్ళిళ్ళకు పోయినవాళ్ళే. ఒక్కొక్కణ్ణి జుట్టు పట్టుకుని అడగాలనిపించింది. లైట్లు ఆరాయి, అది మళ్ళీ లేచి నిలబడి, మళ్ళీ పరిగెత్తి, మళ్ళీ పడింది.

మళ్ళీ వన్స్ మోర్. ఈసారి ఆ అరుపుల్లో ఒక గొంతు నా పక్కనుంచి వచ్చింది. తిరిగి చూస్తే మా నాయన. లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేట్టు అరుస్తున్నాడు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

ఆయన చొక్కా పట్టుకుని గుంజాను. అది చిరిగింది కూడా. "నీకు సిగ్గు లేదా నాయనా? అది ఎన్నితూర్లు పడాల? నీకింకా సాలదా?" అని అరిచాను. నాయనను అట్లా అనడం అదే మొదలు. అన్నందుకు నాకిప్పటికీ బాధ లేదు.

ఆయన నా వైపు వంగాడు. మొహమంతా తడి.

"పడేది నేను చూడను అమ్మణ్ణీ. పరిగెత్తేదాకా చూసి కండ్లు మూసుకుంటా. మూసుకుంటే అది నా దెగ్గిరికి వచ్చేస్తాది. నువ్వూ మూసుకో."

లైట్లు ఆరిపోయాయి. రీలు మళ్ళీ మొదలైంది. బండల మధ్య నుంచి అది వచ్చింది, మెడ చాచి, జూలు ఎగరేస్తూ. పక్కన నాయన దాన్నే చూస్తున్నాడు. సరిగ్గా ఆ చోటు వచ్చేసరికి ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. మా ఇంట్లో ఒక్కరైనా దాన్ని చివరిదాకా చూడాలి.